కాన్పుకీ కాన్పుకీ ఎడం మాటేమిటి?

సంపాదకులకు,

ఎక్కువమంది పిల్లల్ని కనమని నాయకులు చెబుతున్నారు. ఇద్దరికి మించి సంతానం ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2024లో ఎత్తేసింది కూడా. బాగానే ఉంది. ఎంతమంది అన్నదే తప్ప, ఎంత ఎడంతో అన్నది ఎవరికీ పట్టదు. కాన్పయ్యాక మళ్లీ గర్భానికి కనీసం రెండేళ్లు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

మేం ఎనిమిదిమందిమి. పెద్దక్కకీ ఆఖరి తమ్ముడికీ పంతొమ్మిదేళ్ల తేడా. అక్క పురిటికి వచ్చేసరికి అమ్మ కూడా బాలింతే. (మేనమామ, మేనల్లుడు ఒకే తరగతిలో చదివారు!) చంటిపిల్లల్ని చంకనేసుకు తిరుగుతూ రెండో అక్క ఐదో తరగతితోనే బడి మానేసింది. ప్రోత్సాహకాలు ప్రకటించేటప్పుడు ఇంట్లో పెద్దపిల్లల చదువు సంగతీ, అంగన్‌వాడీ వేళల సంగతీ కూడా చూడండి.

— ఒక పాఠకురాలు, తెనాలి