విడి సిగరెట్ మీద నంబరు ఉండదు

సంపాదకుల వారికి నమస్కారం.

మే 31న పొగాకు వ్యతిరేక దినం సందర్భంగా మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. పట్టుదల ఉంటే ఎవరైనా మానెయ్యొచ్చని రాశారు. సాయం కావలసినవాళ్లు సిగరెట్ పెట్టె మీదున్న నంబరుకి ఫోన్ చెయ్యాలని చివర్లో ఒక ముక్క అన్నారు. పట్టుదల సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ పెట్టె సంగతి మాట్లాడాలి.

మాది నరసన్నపేటలో చిన్న కిరాణా కొట్టు. ఉప్పూ పప్పుతో పాటు సిగరెట్లు, బీడీలు, చుట్టలు కూడా అమ్ముతాను. (బడికి వంద గజాల లోపు అమ్మకూడదని చట్టం. మాది అంతకన్నా దూరమే, కావాలంటే టేపు తెచ్చుకుని కొలుచుకోవచ్చు.) నా దగ్గర నిండు పెట్టె కొనేవాళ్లు అరుదు. ఉద్యోగస్తులు కొందరు, పండక్కి వచ్చిన హైదరాబాదు అల్లుళ్లు కొందరు. మిగతావాళ్లంతా 'ఒకటియ్యి సావుకారూ' బాపతు. తెల్లారేసరికి ఆటో స్టాండు వాళ్లు వస్తారు, ఆ తర్వాత తాపీ పనివాళ్లు, సందేళ కుర్రాళ్లు. పెట్టెలోంచి ఒకటి తీసిస్తాను. దారానికి వేలాడే లైటరుతో అక్కడే ముట్టించుకుని వెళ్లిపోతారు. పెట్టె మళ్లీ నా గల్లా పక్కకే చేరుతుంది.

ఆ పెట్టె మీద 85 శాతం మేర బొమ్మా హెచ్చరికా ఉండాలన్న నియమం 2016 ఏప్రిల్లో వచ్చింది. 2018 సెప్టెంబరు నుంచి మానడానికి సాయం చేసే నంబరు కూడా వేస్తున్నారు: 1800-11-2356. ఇంత ఖర్చూ శ్రమా పడి అచ్చు వేసినదంతా మా వీధిలో చదివేది అమ్మే నేను, రాత్రి చెత్త ఎత్తే మా పనమ్మాయి. తాగేవాడి చేతికి పోయేది ఉత్త సిగరెట్టే. దాని మీద బొమ్మా లేదు, నంబరూ లేదు.

నేనూ తాగేవాణ్ణే. ఆ నంబరు పుణ్యాన మానాను కాబట్టే ఇంత ఉత్తరం రాస్తున్నాను. కొట్టున్నవాడి తాగుడుకి లెక్క ఉండదు సార్. జేబులోంచి డబ్బు తియ్యక్కర్లేదు, చెయ్యి చాపితే చాలు. మా ఆవిడ నెలాఖరున సరుకు లెక్క చూసినప్పుడల్లా డబ్బు తేలేది కాదు. ఒక నెల ఏమీ అనకుండా ఖాతా పుస్తకంలో 'ఇంటి వాడకం' అని రాసి, కింద కందిపప్పు, నూనె, చక్కెర, ఆ వరుసలోనే సిగరెట్లు రాసి, అన్నిటికీ ఎదురుగా రూపాయలు వేసింది. అన్నిటికన్నా పెద్ద అంకె దానిదే. పెట్టె మీది భయంకరమైన బొమ్మ రోజూ చూసినా నాకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. ఆ అంకె చూశాక మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు.

మధ్యాహ్నం బేరం లేని వేళ ఆ నంబరుకి ఫోన్ చేశాను. పైసా ఖర్చు లేదు. తెలుగే మాట్లాడారు. బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి నుంచి అన్నారు. నీతులు చెప్తారనుకున్నాను, చెప్పలేదు. పొద్దున్న లేచాక ఎంతసేపటికి మొదటిది ముట్టిస్తారని అడిగింది ఫోన్లో మాట్లాడినావిడ. కొట్టు తలుపు తియ్యకముందే అన్నాను. లేచిన అరగంటలోపే కావాలనిపిస్తోందంటే ఒంటికి పొగాకులోని నికోటిన్ బాగా అలవాటు పడిందని లెక్క, కాబట్టి మొదటి రోజులు కష్టంగానే ఉంటాయని ముందే చెప్పింది. తర్వాత నన్నెవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న వేసింది: "మీరు ఎక్కడ కూర్చుంటారు, సిగరెట్లు ఎక్కడ పెడతారు?" కుడిచేతి పక్కనే అన్నాను. అవతలి గోడ వైపు, బెల్లం డబ్బాల వెనక్కి మార్చమంది. అప్పట్నుంచి ఎవరికైనా ఒకటి ఇవ్వాలంటే లేచి నాలుగడుగులు వెయ్యాలి. కొనేవాళ్లు విసుక్కున్నారు గానీ నాకు మాత్రం ఆ నాలుగడుగులే కాపలా కాశాయి.

తాగాలనిపించడం కొద్ది నిమిషాలే ఉంటుందట, తాగినా తాగకపోయినా అది దిగిపోతుందట. ఆ కాసేపూ మంచినీళ్లు తాగమంది, మరో పని కల్పించుకోమంది. నేను బియ్యం బస్తాలు సర్దేవాణ్ణి. కొట్టు ఎప్పుడూ అంత శుభ్రంగా లేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. మొదటి రెండు మూడు రోజులు మరీ ఘోరం. కోపం, తల దిమ్ము, నిద్ర లేకపోవడం, ఎవరు ఏమన్నా మీద పడిపోవడం. ఇవన్నీ నికోటిన్ దిగేటప్పుడు వచ్చేవేనని, కొన్ని వారాల్లో తగ్గుతాయని మా ఆవిడ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఫోను స్పీకర్లో పెట్టి వినిపించాను. ఆ మాట నాకన్నా ఆవిడకే ఎక్కువ పనికొచ్చింది. నేను అరిచినప్పుడల్లా "అది మీరు కాదులెండి, అది దిగుతోంది" అని లోపలికి పోయేది.

మానే రోజు ముందే ఖాయం చేయించారు. ఆ రోజున వాళ్లే ఫోన్ చేశారు, తర్వాత కూడా చేస్తూ వచ్చారు. మీరన్న పట్టుదల నాకు పుట్టింది అక్కడే. నాలో నేను పళ్లు బిగించుకుంటే వచ్చింది కాదు. ఫలానా రోజు ఫలానా మనిషి 'ఏమండీ, ఎలా ఉన్నారు' అని అడుగుతుందని తెలుసు, అబద్ధం చెప్పబుద్ధి కాదు. టీ కొట్టు దగ్గర 'ఒక్కటికేమవుద్ది బావా' అనేవాళ్లు పదిమంది ఉన్నప్పుడు, అవతలి పక్క ఒక్కరైనా నిలబడాలి కదా. అన్నట్టు ఆ పదిమందిలోనే ఒక తాపీమేస్త్రి ఉన్నాడు, నేను కనబడితే బీడీ పట్టుకుని రోడ్డు అవతలకి పోయేవాడు. తను మానలేదు, మాననంటాడు కూడా. నాకు మాత్రం ఎవరూ చెయ్యనంత సాయం చేశాడు.

సిగరెట్ మానడానికి మందుల షాపులో దొరికే నికోటిన్ గమ్ గురించి కూడా ఒక మాట. రెండు మిల్లీగ్రాములది చీటీ లేకుండా ఇస్తారు, నాలుగుదానికి డాక్టరు చీటీ కావాలి. మా ఆటో స్టాండులో ఒకతను కొనుక్కుని బబుల్‌గమ్ నమిలినట్టు పరపరా నమిలేశాడు. ఎక్కిళ్లు, కడుపులో మంట, విసిరి పారేశాడు. అది అలా నమిలేది కాదు. నెమ్మదిగా కొరకాలి, నాలిక చురుక్కుమనగానే ఆపి బుగ్గన పెట్టుకోవాలి, చురుకు తగ్గాక మళ్లీ కొరకాలి. అరగంట పాటు అంతే. పావుగంట ముందు నుంచీ టీ, కాఫీ తాగకూడదు, తాగితే మందు ఒంటికి పట్టదు. షాపువాళ్లు గమ్ చేతిలో పెట్టేటప్పుడు ఈ నాలుగు మాటలు చెప్తే ఆ డబ్బులు దండగయ్యేవి కావు.

ఇంతవరకూ సిగరెట్ల గొడవ. మా జిల్లాకి అసలు గొడవ చుట్టది, అందులోనూ అడ్డచుట్టది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగడం మీ పాఠకుల్లో చాలామంది చూసి ఉండరు. మా అమ్మ అలాగే తాగేది. గాలికీ తడికీ ఆరదు, బట్టలుతుకుతున్నా నాట్లేస్తున్నా చేతులు ఖాళీగా ఉంటాయి, పెద్దవాళ్లు ఎదురైతే నోరు మూసుకుంటే చాలు. అదీ ఆడవాళ్లు చెప్పే కారణం. దానికి పెట్టె లేదు, బొమ్మ లేదు, నంబరు లేదు. కట్టలు కట్టలుగా దారం చుట్టి తెస్తారు, నేను విడివిడిగా అమ్ముతాను. చట్టంలో చుట్టలూ ఉన్నాయి, హెచ్చరిక వాటికీ వెయ్యాల్సిందే. వేసిన కట్ట నా కొట్టుకి ఇంతవరకూ రాలేదు.

మా అమ్మని మేమెంత పోరినా వినలేదు. ఒకసారి దంత వైద్య శిబిరం పెడితే మోకాళ్ల నొప్పికి మందిస్తారేమోనని వెళ్లింది. అక్కడొక చిన్న డాక్టరమ్మ "మామ్మా, నోరు తెరువు" అని టార్చి వేసి, అంగిలి ఫోటో తీసి, ఆ ఫోను అమ్మ చేతిలో పెట్టింది. తెల్లగా గట్టిపడిపోయి, మీద ఎర్రటి చుక్కలు. "ఇది నా నోరేనేటి?" అంది అమ్మ. అంతవరకూ తన అంగిలి తనెప్పుడూ చూసుకోలేదు మరి. అప్పట్నుంచి బీపీ మాత్రలకి వెళ్లినప్పుడల్లా మా ఊరి నర్సు, అదే ఏఎన్ఎం, నోరు తెరవమని చూసేది. మా అమ్మ వెంట మరో ఇద్దరు ముసలమ్మలు తయారయ్యారు. ముగ్గురూ కొంగున లవంగాలూ వామూ కట్టుకుని, ఎవరు దొంగతనంగా తాగారో ఒకర్నొకరు వాసన చూసుకునేవారు. ఒకావిడ మళ్లీ మొదలుపెట్టింది. మా అమ్మ మానేసింది, తెలుపు కూడా కొంత తగ్గిందని తర్వాత చూసినవాళ్లు చెప్పారు.

ఆ డాక్టరమ్మే చెప్పింది, మా జిల్లా పేరు ఈ విషయంలో ఎప్పుడో విదేశీ పత్రికలకి ఎక్కిందని. డెన్మార్క్ నుంచి వచ్చిన పిండ్‌బోర్గ్ అనే ఆయనా, బొంబాయి టాటా పరిశోధన సంస్థ వాళ్లూ మా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లో అడ్డపొగ గురించి రాశారట. ఆ తర్వాత బొంబాయి వాళ్లు శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్లని ఎంచుకుని, ఏటా ఇళ్లకి వెళ్లి నోరు చూసి, కూర్చుని మాట్లాడారు. రేడియో, సినిమాలు, పోస్టర్లు కూడా వాడారు. మానేవాళ్లు పెరిగారని 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. అంటే మా ఏఎన్ఎం చేసినది కొత్త సంగతేమీ కాదు. ఇక్కడే, మా ఊళ్లలోనే, నలభై ఏళ్ల కిందటే రుజువైనది.

ఇప్పుడు 30 ఏళ్లు దాటిన ప్రతివాళ్లకీ ఆశా కార్యకర్త ఒక ఫారం నింపుతుంది. పొగాకు వాడతారా అని అందులో ప్రశ్న ఉంది. మా ఇంట్లో అడిగారు, అవునన్న చోట టిక్కు పెట్టారు, ఫారం మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఆ అమ్మాయిని తప్పుపట్టను, ఆమెకున్న పని ఆమెకుంది. టిక్కు పెట్టిన ఇంట్లో నంబరు రాసిన చీటీ ఒకటి వదలమని పైవాళ్లు చెప్పలేదంతే.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. పొగాకు అమ్మే ప్రతి కొట్టులోనూ '18 ఏళ్ల లోపు వారికి అమ్మడం నేరం' అని కనీసం 60 సెంటీమీటర్లకి 30 సెంటీమీటర్ల బోర్డు పెట్టాలని చట్టంలోనే ఉంది. ఆ బోర్డు కింద ఈ నంబరు రాయించమని అధికారులు ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. విడిగా కొనేవాడికి కనబడే చోటు అదొక్కటే. నేను నా బోర్డు మీద ఎర్ర రంగుతో రాసుకున్నాను. మొదట్లో అందరూ కేబుల్ వాళ్ల నంబరనుకున్నారు. ఒకాయన గ్యాస్ బుకింగా అని అడిగాడు. చెప్పగా చెప్పగా ఇప్పుడు అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ఫోనులో ఎక్కించుకుంటున్నారు. నీ బేరం నువ్వే చెడగొట్టుకుంటావా అని ఎదురు కొట్టాయన నవ్వుతాడు. సిగరెట్ మీద నాకు మిగిలేది పైసల్లో. మానినవాడు పప్పూ ఉప్పూ కొనడానికి ఎలాగూ వస్తాడు. అమ్మడం మానెయ్యొచ్చు కదా అంటారేమో, నేను మానితే ఎదురు కొట్లో కొంటారు, అక్కడి బోర్డు మీద నంబరు లేదు.

మీరు కూడా బంగారం ధరల పక్కన రోజూ ఒక చిన్న డబ్బాలో ఆ నంబరు వెయ్యండి. ఏడాదికొకసారి మే 31న వేస్తే ఆ రోజు పేపరు చూడనివాడి గతేమిటి? వేసేటప్పుడు వేళలు కూడా వెయ్యండి. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు, సోమవారం సెలవు. ఆ ముక్క లేకపోతే సోమవారం నాడు ప్రయత్నించినవాడు నంబరు పనిచెయ్యదనుకుని మళ్లీ చెయ్యడు.

ఇట్లు,
ఒక కిరాణా కొట్టు యజమాని,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా