చెయ్యి కాదమ్మా, కాళ్ళు ఆడించు

అమ్ములూ,

ఎట్లుండావు? హాస్టల్ తిండి బాగలేదన్నావంట, మీ అమ్మ నిప్పట్లు చేస్తా ఉంది, ఆదివారం తిరుపతిలో బస్సుకేసి పంపిస్తాం.

నువ్వు పంపిన బాస్కెట్‌బాల్ మ్యాచ్ వీడియో మూడుసార్లు చూసినా. మొదటిసారి నాయన మాదిరి చూసినా, నువ్వు బాస్కెట్ వేసినప్పుడల్లా ఈలేసి మీ అమ్మతో తిట్లు కూడా తిన్నా. తర్వాత పాత ఆటగాడి మాదిరి చూసినా. సెకండ్ క్వార్టర్ అయ్యేలోపలే నాలుగు ఫౌల్సేందిమ్మా? ఐదోది పడితే బయటకే కదా, అందుకే మీ సార్ బెంచీమీద కూర్చోబెట్టినాడు, నేనైనా అదే చేసుంటా.

నాలుగింట్లో మూడు ఒకటే తప్పు. ఆ పొడుగు జడ పిల్ల బంతిని నేలకు కొడతా డ్రిబుల్ చేసుకుంటా పక్కకు పోతే నీ కాళ్ళు ఆడే నిలబడిపోయినాయి, చెయ్యి మాత్రం పోయింది. కాళ్ళు లేటైతే చెయ్యి దొంగతనానికి పోతుంది, రిఫరీ ఊరుకుంటాడా?

కాళ్ళు భుజాలకన్నా వెడల్పుగా పెట్టి, మోకాళ్ళు వంచి, నడుం దించి, బరువు మడమల మీద కాకుండా పాదం ముందుభాగంలో ఉంచు. గుర్తుందా, అలిపిరి 3550 మెట్లూ ఎక్కింది చాలక వద్దంటే వినకుండా నడిచే దిగొచ్చి, మర్నాడు తొడలు పట్టేసి మంచం దిగలేకపోయినావే, ఎదుటోళ్ళని ఆపే డిఫెన్స్ ఆడేది ఆ తొడలే. అవి మండకపోతే నువ్వు సరిగా వంగలేదని లెక్క.

జరిగేటప్పుడు కాలికి కాలు అడ్డం దాటించొద్దు. ఎడమకు పోవాలంటే కుడికాలితో నేలని తొయ్యి, ఎడమది ముందు పడాల, కుడిది వెనకాలే జరగాల, రెండూ ఒకదానికొకటి తగలకూడదు. నేను కాలేజీలో కాళ్ళు మెలిపడి కోర్టు మధ్యలో బొక్కబోర్లా పడితే, ఆ పిల్లోడు బాస్కెట్ వేసేసి, వెనక్కొచ్చి నాకు చెయ్యందించినాడు, అదింకా మండుతుంది నాకు. అయితే మనిషి నిన్ను దాటేసి పోయిందనుకో, అప్పుడు ఈ పక్కకు జరిగే స్లైడూ గీడూ లేదు, తిరిగి పరిగెత్తు, ముందుకు పోయినాక మళ్ళీ వంగు.

బంతినీ మొహాన్నీ చూడొద్దు, నడుం చూడు. కళ్ళతో మోసం చేస్తారు, భుజంతో చేస్తారు, బొడ్డు యాడికి పోతే మనిషి ఆడికే పోవాల.

ఆ నాలుగోది మాత్రం వేరే. షాట్ వేసే పిల్ల మీదికి వాలిపోయినావు. చేతులు పైకెత్తి నిలువుగా ఎగిరుంటే, ఆ పిల్లే వచ్చి తగిలినా నీ ఫౌల్ కాదు. అమెరికాలో బోస్టన్ టీముకి 13 సీజన్లలో 11 టైటిళ్ళు గెలిపించిన బిల్ రస్సెల్ అయితే బ్లాక్ చేసిన బంతిని జనంలోకి బాదేవాడు కాదు, తట్టి తన టీమోళ్ళకే అందేట్టు చేసేవాడు. నీకేమో చప్పట్లు కావాల.

సంక్రాంతికి వచ్చినప్పుడు మేడమీద చాక్‌పీసుతో గీతలు గీస్తా. మెడమీద తువ్వాలు వేసుకుని రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకో, చెయ్యి జాపేదానికి లేకుండా కాళ్ళతోనే నన్ను ఆపాల, నా మోకాళ్ళు ఒప్పుకున్నంతసేపు. తువ్వాలు ఉతికి తీసుకురా, పోయినసారి తెచ్చినట్టుది తేవద్దు.

మీ నాయన