పెరటి కోళ్లకు వంద మోతాదుల సీసా పనికిరాదు: ఒడిశా పశుసంపద శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా మత్స్య, పశుసంపద అభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి వైపు పల్లెల్లో పెరటి కోళ్లు పెంచేవాళ్లం, వాటికి టీకాలు వేసేవాళ్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. ఒడియా ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాం. తెలుగులో అందరి ముందూ పెట్టడం ఎందుకంటే, ఇందులో సగం మీరు చేయాల్సింది, మిగతా సగం మా ఊళ్లవాళ్లు తెలుసుకోవాల్సింది.

విషయం కొక్కెర తెగులు. దస్త్రాల్లో దాన్ని రాణిఖేత్ వ్యాధి అంటారు. ఆకుపచ్చ పారుడు, నోరు తెరిచి ఎగశ్వాస, రెక్కలు వాలిపోవడం, బతికినవాటికి మెడ మెలితిరగడం. టీకా పడని గూట్లో చొరబడితే దాదాపు గూడంతా ఖాళీ చేసి పోతుంది. 1926లో జావాలోను, ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోను, మరుసటి ఏడు కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లోను బయటపడిన జబ్బు ఇది. 1940ల్లోనే ముక్తేశ్వర్ ప్రయోగశాలలో దీనికి టీకా తయారైంది. మీ శాఖ కిందే భువనేశ్వర్‌లో ఒడిశా బయలాజికల్ ప్రొడక్ట్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఇన్ని ఉండి కూడా సవర గూడేల్లో, నదీతీరపు పల్లెల్లో కోళ్లు చస్తున్నాయంటే, లోపం మందులో లేదు. సీసాలో, సామాన్లలో, వేళలో ఉంది.

ముందు సీసా సంగతి. మాకు అందే ఆర్2బి టీకా, అంటే ఈ తెగులుకు సూదితో వేసే రకం, సీసాలో వంద మోతాదులు. చల్లబరిచిన 50 మి.లీ. స్టెరైల్ సెలైన్‌లో కలిపి, ఒక్కో కోడికి అర మి.లీ. చర్మం కింద ఇవ్వాలి. కలిపిన రెండు గంటల్లో అయిపోవాలి. ఐదువేల కోళ్ల షెడ్డుకు ఈ లెక్క బాగుంటుంది. మా దగ్గర ఇంటికి పది కోళ్లు, అందులో సగం పిల్లలు, ఆర్2బికి పనికిరానివి. వంద పెద్ద కోళ్లు కావాలంటే ఇరవై ఇళ్లు తిరగాలి, ఆ ఇళ్లు రెండు మూడు గూడేల్లో ఉంటాయి. కాబట్టి జరిగేది రెండే. ‘వంద కోళ్లు పోగుచేయండి, అప్పుడు వస్తాం’ అని సీసా విప్పకుండా వాయిదా వేస్తారు. లేదా విప్పి, ముప్పై కోళ్లకు వేసి, మిగిలింది మర్నాటికి దాస్తారు. ఆ మర్నాటి టీకా ఉత్త నీళ్లే. దాన్ని పొడిపించుకున్న కోడి వేసవిలో చస్తే, ‘సూది వేయించినా చచ్చింది’ అనే మాట ఊరంతా పాకుతుంది. ఆ మాట మాన్పడం తెగులు మాన్పడం కంటే కష్టం.

అందుకే మొదటి అడుగు: కంటి చుక్కగా వేసే లాసోటా రకం టీకా ఇరవై ఐదు, యాభై మోతాదుల సీసాలు, ఒక్కోదానికి సరిపడా కలిపే ద్రవం, చుక్కలు వేసే ప్లాస్టిక్ మూత, మూడూ ఒకే పొట్లంలో ఇవ్వండి. చిన్న సీసా చేస్తే మోతాదు ఖర్చు పెరుగుతుందని మీ అధికారులు చెబుతారు. నిజమే, చలిలో గడ్డకట్టించి ఎండబెట్టి నింపే ఈ టీకాలో వైరస్ కంటే గాజు, రబ్బరు బిరడా, యంత్రంలో పట్టే చోటు, వీటికే ఎక్కువ పోతుంది. కానీ పారబోసే డెబ్బై మోతాదులను కూడా ఖర్చులో వేయాలి కదా. కోడికింత అని తీసుకున్నా మావాళ్లు ఇస్తారు. ఉచితంగా వచ్చి పనిచేయని టీకా కంటే అది నయం.

సూది బదులు కంటి చుక్క ఎందుకు అడుగుతున్నామో కూడా చెప్పాలి. ఆర్2బి కాస్త బలమైన రకం. ఆరు నుంచి ఎనిమిది వారాలు నిండని పిల్లకు వేస్తే కాళ్లు పడిపోవచ్చు, చావొచ్చు. అంతకుముందు ఎఫ్, లాసోటా లాంటి మెతక రకం టీకా పడని పెద్ద కోడికి వేసినా కొన్ని నలతపడతాయి, గుడ్లు ఆపేస్తాయి. పైగా తెగులు ఊళ్లోకి వచ్చాకే టీకా కోసం పిలుపు వస్తుంది. వైరస్ ఒంట్లో చేరాక జబ్బు కనబడడానికి రెండు నుంచి పదిహేను రోజులు పడుతుంది. పైకి బాగున్న కోడిని పొడిచిన సూదితోనే పక్కింటి కోడినీ పొడిస్తే, టీకా వేసే చెయ్యే తెగులు మోస్తుంది. లాసోటా మెతక రకం. వారం వయసు పిల్ల నుంచి ముసలి పుంజు దాకా అందరికీ అదే ఒక్క చుక్క.

ఆ ఒక్క చుక్కలో కూడా తప్పుకు చోటుంది. ఒక్కో డ్రాపర్ చుక్క ఒక్కో పరిమాణం. కొత్త డ్రాపర్ రాగానే సిరంజితో కొలిచిన ఒక మి.లీ. నీళ్లు అందులో పోసి చుక్కలు లెక్కపెట్టాలి. ముప్పై వస్తే వంద మోతాదులకు దాదాపు 3.3 మి.లీ. ద్రవం కావాలి, నలభై వస్తే రెండున్నర. కొలవకుండా కలిపితే డెబ్బై కోళ్లకే అయిపోతుంది, లేదా నూట ముప్పైకి సాగి అన్నిటికీ పలచబడుతుంది. డ్రాపర్‌ను నిటారుగా పట్టుకోవాలి. వంచితే చుక్క చిన్నదవుతుంది. కోడి తలను పక్కకు తిప్పి, కంటికి వేలి మందం పాటి ఎత్తునుంచి వదలాలి, మొన కంటికి తగలకూడదు. చుక్క పరుచుకుని కోడి రెప్ప కొట్టేదాకా వదిలిపెట్టకూడదు. వెంటనే వదిలితే తల విదిలిస్తుంది, మందు నేలపాలు. కలిపే ద్రవంలో నీలిరంగు ఉంటే ఇంకా మంచిది: కంటిలో పడ్డ మందు ముక్కు లోపలి దారిన నోట్లోకి దిగుతుంది, నాలుక మీద నీలం కనిపిస్తే పడినట్టే. పెద్ద ఫారాలవాళ్లు ఇలాగే సరిచూసుకుంటారు. ఆ రంగు మాకూ ఇప్పించండి. టీకా వేసేవాళ్ల కంట్లో చిందితే కొన్నిరోజులు కళ్లకలక పట్టుకుంటుంది కనుక, సామాన్ల పెట్టెలో ప్లాస్టిక్ కళ్లద్దాలు కూడా ఉండాలి.

తాగేనీళ్లలో కలిపి ఇచ్చే పద్ధతిని మాత్రం మా పల్లెలకు దయచేసి రాయకండి. రెండు గంటలు నీళ్లు ఆపాలి, క్లోరిన్ లేని నీళ్లు కావాలి, లీటరుకు రెండు నుంచి ఐదు గ్రాముల వెన్నతీసిన పాలపొడి కలపాలి. ఇవన్నీ చేసినా పొలంలో తిరిగే కోడి బురదగుంటలో తాగొస్తుంది.

ఇక వేడి. టీకా సీసా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. జిల్లా గోదాము దాకా బాగానే వస్తుంది. అక్కడి నుంచి బ్లాకు ఆస్పత్రి, లైవ్‌స్టాక్ ఎయిడ్ సెంటర్, తర్వాత బండి డిక్కీలో ఊళ్లో టీకాలు వేసే కార్యకర్త ప్రాణిమిత్ర చేతికి. మధ్యలో ఎక్కడ కరెంటు పోయిందో, ఎక్కడ ఐసు కరిగిందో సీసా చెప్పదు. కొంత పసిగట్టొచ్చు: లోపలి టీకా బిళ్ల కరిగి అంటుకుపోయి ఉంటే పారేయాలి, శూన్యంతో మూసిన సీసాలోకి సూది గుచ్చగానే ద్రవం దానంతటదే లోపలికి పోకపోతే గాలి చొరబడిందని అర్థం. కానీ బిళ్ల అందంగా ఉండీ లోపలి వైరస్ చచ్చిపోయి ఉండొచ్చు.

దీనికి మందు పిల్లల పోలియో చుక్కల సీసా మీదే ఉంది. వలయం లోపల చిన్న చతురస్రం. వేడి తగిలేకొద్దీ ముదురుతుంది, చుట్టూ ఉన్న వలయం రంగుకు చేరిందా, సీసా పారేయడమే. 1996 నుంచి పోలియో సీసాల మీద వస్తున్న ఆ గుర్తును ఆశా కార్యకర్త మొదలు ఊళ్లో చాలామంది చదవగలరు. కోళ్ల టీకాకు అదే గుర్తు అంటిస్తే ప్రాణిమిత్రలకు కొత్తగా నేర్పాల్సింది ఏమీ ఉండదు. భువనేశ్వర్ సంస్థ తన సీసాల మీద దీన్ని మొదలుపెట్టొచ్చు.

దీనికంటే దూరం పోయే దారి వేడిని తట్టుకునే టీకా రకం. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తీసిన ఐ-2 రకం ఇలాంటిది. టాంజానియా, మొజాంబిక్, మలావీ పల్లెల్లో నాలుగు నెలలకోసారి కంటి చుక్కగా వేస్తున్నారు. ఎండబెట్టిన రూపంలో, చీకట్లో ఉంచితే గది వేడిలో కూడా కొన్ని వారాలు నిలుస్తుంది. టీకా తయారీకి కావలసిన దాని మూల వైరస్‌ను వర్ధమాన దేశాల ప్రయోగశాలలకు ఉచితంగా ఇచ్చారు. మన దేశంలోనూ తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం డి58 అనే రకంతో నాటుకోళ్ల కోసం మేతలో వేసే గుళికలు తయారుచేసింది. గుళికలంటే మాకు కాస్త సందేహం ఉంది. బలమైన పుంజు నాలుగు మింగితే మూలనున్న పిల్లకు ఒకటీ దక్కదు. అయినా కొండమీద, ఐసు చేరని గూడేలకు ఏమీ లేనిదానికంటే మేలు. ఐ-2 గానీ డి58 గానీ గజపతి, రాయగడ జిల్లాల్లో రెండు బ్లాకుల్లో వేయించి, ముందూ తర్వాతా రక్తం తీసి ప్రతిరక్షకాలు కొలిపించండి. వేడిని తట్టుకుంటుందని ఎండలో పెట్టమని మాత్రం ఎవరికీ చెప్పొద్దు. తడిగుడ్డ చుట్టి నీడలో మోయాల్సిందే, కలిపాక దాయకూడదు.

కోళ్లకు వచ్చే మరో జబ్బు బొబ్బ తెగులు (కోళ్ల మశూచి). దాని టీకాకు కావలసింది ఇంకా చిన్న వస్తువు: రెండు ముళ్ల సూది. మందులో ముంచి, రెక్క విప్పి, అడుగువైపు నుంచి పలచటి చర్మాన్ని ఒకే పోటున గుచ్చాలి. ఈకలు తగిలితే మందు తుడుచుకుపోతుంది, రక్తనాళం తగిలితే రక్తం కడిగేస్తుంది. వారం పదిరోజులకు గుచ్చిన చోట చిన్న పొక్కు కట్టాలి. పది కోళ్లు పట్టి చూస్తే ఒక్కదానికీ పొక్కు లేదంటే టీకా పట్టలేదని తెలిసిపోతుంది, మళ్లీ వేయొచ్చు. కొక్కెర తెగులు టీకాలో ఈ సౌకర్యం లేదు. మాకు తరచు ఈ సూది లేకుండానే మందు వస్తుంది, మామూలు సిరంజి సూదితో గీరి వేయాల్సి వస్తుంది, అది ఎంత పడిందో ఎవరికీ తెలియదు.

వేళ గురించి కోప్పడకుండా వినండి. ఆఫీసు పది గంటలకు తెరుస్తారు. పది గంటలకు కోళ్లు పొలాల్లో ఉంటాయి. కోడిని పట్టగలిగేది తెల్లవారుజామున గూడు తలుపు తీయకముందు, లేదా పొద్దుగుంకి గూట్లో దూరాక. ఆ పని ప్రాణిమిత్రలే చేయగలరు. వాళ్లకు కోడికింత అని కూలి కట్టి, సీసా ముందురోజు సాయంత్రమే చేతికి ఇప్పిస్తే చాలు. నాలుగు నెలలకోసారి కుదరకపోతే ఏడాదికి కనీసం రెండుసార్లు, అందులో ఒకటి వేసవి తెగులుకు నెల ముందు, మాఘ మాసంలో. చుక్క పడ్డాక రక్షణ రావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. జీవితంలో మొదటిసారి పడ్డ కోడికి మూడు నాలుగు వారాలకు ఇంకోసారి వేయాలి.

చివరిగా సరిహద్దు. పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య మహేంద్రతనయ ఒక్కటే అడ్డు. సంత రోజు కోడి కాళ్లు కట్టి సైకిలుకు వేలాడదీసుకుని ఏ రాష్ట్రమని అడగకుండా దాటిస్తారు. ఊళ్లో తెగులు మొదలవగానే మిగిలినవాటిని అమ్ముకోవడం, చచ్చినవాటి ఈకలు, పేగులు గెడ్డలో పారేయడం మావాళ్లు మానాలి. గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. 2009 జంతు అంటువ్యాధుల చట్టం షెడ్యూల్లో ఈ జబ్బు ఉంది, యజమానీ పంచాయతీ ఇద్దరూ కబురు పెట్టాలి. కానీ ఒక ఒడ్డున జనవరిలో, ఇంకో ఒడ్డున ఏప్రిల్‌లో టీకా వేస్తే రెండు ఒడ్లకూ పనికిరాదు. ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక శాఖతో మాట్లాడి పాతపట్నం, బత్తిలి వైపూ మా వైపూ ఒకే వారం ఖాయం చేయించండి.

మాఘానికి సీసాలు అందాలంటే చిన్న సీసాలకు, డ్రాపర్లకు, రెండు ముళ్ల సూదులకు ఈ వర్షాకాలంలోనే ఆర్డరు పెట్టాలి. వైరస్‌ను పొదుగు గుడ్లలో పెంచి, ఎండబెట్టి, పరీక్షించి పంపడానికి అంత సమయం పడుతుంది. ఏ బ్లాకుకు ఎన్ని కావాలో ఇంటింటి కోళ్ల లెక్క రాసి ఇవ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి ప్రాంతాల పెరటి కోళ్ల పెంపకందారులు, టీకా కార్యకర్తలు