పేరు చెప్పకుండా వెళ్లిన మెకానిక్ గారికి కృతజ్ఞతలు

గుణుపూర్ దగ్గర మా పొలాలు చదును చేయడానికి నాన్నగారు కొన్న పాత క్యాటర్‌పిల్లర్ డీ4 బుల్‌డోజర్‌ను మళ్లీ నడిపించి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన మీకు మా కుటుంబమంతా ఎంతో రుణపడి ఉంది.

అందులో డీజిల్ ఇంజన్‌ను తిప్పడానికి పక్కనే రెండు సిలిండర్ల చిన్న పెట్రోల్ ఇంజన్ ఉంటుంది. తాడు చుట్టి లాగి ముందు దాన్ని లేపి, ఆ తర్వాత క్లచ్ కలిపితేనే పెద్దది అందుకుంటుంది. ఆ తాడు లాగే సత్తువ తగ్గాకే నాన్నగారు బండిని పాకలో పెట్టేశారు. పార్వతీపురం నుంచి బస్సులో వచ్చిన మీరు మూడు రోజులు ఆ పాకలోనే ఉండి, చిన్న ఇంజన్‌కు 12 వోల్టుల స్టార్టర్ మోటారు అమర్చారు. స్టార్టర్ మోటారు పట్టి తిప్పే దంతాల రింగును నిప్పుల మీద కాల్చి, అది వ్యాకోచించిన క్షణంలో పట్టకారుతో ఫ్లైవీల్ అనే ఇంజన్ బరువు చక్రం మీదికి జార్చి, చల్లారి బిగుసుకునే దాకా మీరు ఊపిరి బిగబట్టి నిలబడిన తీరు నా కళ్లముందే ఉంది. పెట్రోల్ ఇంజన్ పొగగొట్టం వేడి డీజిల్ ఇంజన్ పీల్చే గాలిని వెచ్చబరుస్తుంది కనుక దాన్ని తీసేయవద్దని మీరు చెప్పడం, పాత పనితనం పట్ల మీకున్న గౌరవానికి నిదర్శనమని నా నమ్మకం.

బస్సు చార్జీ తప్ప మీరేమీ పుచ్చుకోలేదు. ఆ మర్నాడు నాన్నగారే స్వయంగా మీట నొక్కి బండిని లేపారు.