పడవా, ఎరువుల కొట్టూ

మిన్నియాపోలిస్,
జనవరి 18

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. "ఫోన్లో అంతా బాగుందంటావు, దాంతో ఏం తెలుస్తుందిరా, ఓ ఉత్తరం ముక్క రాయి" అన్నారుగా, రాస్తున్నాను. తెలుగు చేత్తో రాసి ఎన్నాళ్లయిందో, అక్షరాలు చూసి నవ్వకండి.

పోయిన శనివారం మంచు కాస్త తెరిపిస్తే నార్త్‌ఫీల్డ్ వెళ్లొచ్చాం. మాకు గంట దారి. అక్కడ గుట్ట మీద సెయింట్ ఓలాఫ్ అని పాత కాలేజీ ఉంది, నార్వే నుంచి వలస వచ్చినవాళ్లు 1874లో పెట్టుకున్నది. దాని లైబ్రరీకి ఓలె రోల్వాగ్ అనే ఆయన పేరు పెట్టారు. ఆ కాలేజీలోనే పాతికేళ్లు నార్వీజియన్ చెప్పిన మేష్టారు, నవలలు కూడా రాశాడు. ఇంటికొచ్చి ఆయన గురించి చదువుతుంటే ఒకచోట నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. అది మీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

ఆయన పుట్టింది 1876లో, నార్వేలో డొన్నా అనే దీవి మీద. జాలర్ల కుటుంబం. చదువు మానిపించి కుర్రతనంలోనే లొఫోటెన్ దీవుల దగ్గర చేపల వేటకు పంపేశారు. 1893లో పెద్ద తుఫాను వచ్చి ఎందరో సముద్రంలో పోయారు, ఈయన ఎలాగో బతికి బయటపడ్డాడు. అమెరికాలో ఉన్న చుట్టానికి టికెట్ పంపమని రాశాడు. అది వచ్చేసరికి 1896. తీరా బయల్దేరే ముందు, ఈయన పనిచేసే పడవ యజమాని "ఉండిపో, నీకు సొంత పడవ కొనిపెడతాను" అన్నాడట. ఎంతో ఆలోచించి, వద్దన్నాడు.

తణుకులో ఎరువుల కొట్టు పెట్టిస్తాను, ఉండిపోరా అన్నారు మీరు. షాపు అద్దె కూడా మాట్లాడి వచ్చారు. నేను వీసా టెన్షన్లో పడి సరిగ్గా జవాబైనా చెప్పలేదు. ఆయన ఆలోచించాడు, నేను అదీ చెయ్యలేదు.

రోల్వాగ్ ఇక్కడికొచ్చి సౌత్ డకోటాలో పాలేరు పని చేశాడు. గడ్డం వచ్చాక బడిలో చేరి, 29 ఏళ్లకు డిగ్రీ తెచ్చుకున్నాడు. ఆయన మొదటి పుస్తకం, 1912లో మారుపేరుతో వేసింది, ఏమిటో తెలుసా? అమెరికా వెళ్లిన కొడుకు ఊళ్లో ఉన్న తండ్రికీ, తోడబుట్టినవాడికీ రాసిన ఉత్తరాలు!

పేరు తెచ్చింది మాత్రం పెర్ హన్సా, బెరెట్ అనే మొగుడూపెళ్లాల కథ. 1924, 25లలో నార్వేలో రెండు భాగాలుగా వచ్చింది, 1927లో ఇంగ్లీషులోకి. చెట్టన్నది లేని బయల్లో మట్టిపెళ్లలతో ఇల్లు కట్టుకుంటారు. ఆయనకు నేల చూస్తే సంబరం, ఆవిడకు భయం. మిడతల దండు పడిన రోజు ఆయన ఇంటికొచ్చి చూస్తే, ఆవిడ పిల్లల్ని పట్టుకుని పాతకాలపు భోషాణంలో దాక్కుని ఉంటుంది. ఆ ఘట్టం చదివి మీ కోడలు పుస్తకం మూసేసింది. మీకు అప్పుడు చెప్పలేదు గానీ, వచ్చిన ఏడాది చలికాలంలో నాలుగున్నరకే చీకటి పడిపోతుంటే తను కిటికీ దగ్గర కూర్చుని ఏడ్చేది. ఇప్పుడు బాగానే ఉంది, అమ్మను కంగారు పెట్టకండి.

ఆ కథ తర్వాతి భాగంలో కొడుక్కి నార్వీజియన్ పట్టదు, తల్లి తల్లడిల్లిపోతుంటుంది. చివరికి వాడు ఐరిష్ పిల్లను చేసుకుంటాడు. (ఈ ముక్క అమ్మకు చదవకండి.) తల్లిభాష పోతే మనిషికి సగం పోయినట్టేనని రోల్వాగ్ పంతం. నవలలు నార్వీజియన్‌లోనే రాశాడు. అదీ ఎలాంటి రోజుల్లో! 1918లో, మొదటి ప్రపంచ యుద్ధం మధ్య, మా పక్క రాష్ట్రం అయోవాలో గవర్నరు బళ్లలో, చర్చిలో, రైల్లో, ఆఖరికి ఫోన్లో కూడా ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడకూడదని ఆర్డరు వేశాడు. మనకు ఏ గవర్నరూ అడ్డం లేడు. అయినా ఆదివారం ఆదివారం మీరు తెలుగులో, మీ మనవడు ఇంగ్లీషులో, మధ్యలో నేను దుబాసీ. తప్పు వాడిది కాదు, ఇంట్లో నేనే తోచినట్టు మాట్లాడేస్తున్నాను.

జూన్‌లో వస్తున్నాం, నెలన్నర ఉంటాం. వాడు ఇంగ్లీషులో ఏదడిగినా వినపడనట్టు ఊరుకోండి. అప్పటికి రసాలు అయిపోతాయేమో, నాలుగు దాచమనండి అమ్మని, వాటి కోసమైనా నోరు తిరుగుతుంది.

కొట్టు తమ్ముడు బాగా నడుపుతున్నాడని విన్నాను. వచ్చినప్పుడు ఓ పూట గల్లాపెట్టె దగ్గర నన్ను కూర్చోనివ్వమనండి.

ఇట్లు,
మీ పెద్దబ్బాయి