రాత్రి పదకొండుకు ఫోన్ వస్తే అది డ్యూటీ కాదా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది విశాఖపట్నంలోని పెందుర్తి. ఒకప్పుడు రోజూ మధురవాడ దాకా రెండు బస్సులు మారి ఆఫీసుకు వెళ్లేదాన్ని. రెండేళ్లుగా బెంగళూరులో ఉన్న ఒక కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నాను. మా బాబు స్కూల్ నుంచి వచ్చేసరికి ఎదురుగా ఉంటున్నాను, అందుకే ఈ పద్ధతి వద్దని ఎప్పుడూ అనను. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు 2025 ఫిబ్రవరిలో మహిళలకు పెద్ద ఎత్తున వర్క్ ఫ్రమ్ హోమ్ తెస్తామన్నప్పుడు నిజంగా సంతోషించాను.

పోయిన నెల ఒకరోజు పొద్దున్న తొమ్మిదికి లాగిన్ అయి, సాయంత్రం ఆరున్నరకు లాగౌట్ అయ్యాను. రాత్రి పదకొండుకు ఫోన్. పది నిమిషాల పనన్నారు, ముగిసేసరికి ఒంటిగంట దాటింది. మర్నాడు టైమ్‌షీట్‌లో ఆ రెండు గంటలు వేస్తే "మీరు ఇంట్లోనే ఉన్నారు కదండీ" అని తీసేయించారు. ఇంట్లో ఉంటే అది పని కాదా?

మన రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం 1988 నాటిది. షాపు ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అన్న లెక్క మీద రాసినది. 2025 జూన్‌లో మన కేబినెట్ రోజు పని గంటలను తొమ్మిది నుంచి పదికి పెంచాలని నిర్ణయించింది, మరి ఇంట్లో చేసే గంటలను ఎవరు లెక్కపెడతారు? సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) కంపెనీలకు కేంద్రం 2022 జులైలో ఇంటి నుంచి చేసే పనికి ప్రత్యేకంగా ఒక నిబంధన తెచ్చింది, దువ్వాడలో సెజ్ ఉన్న మన ఊరికీ అది వర్తిస్తుంది. ఎంతమందితో ఇంటి నుంచి పని చేయించొచ్చు, కంప్యూటర్లు సెజ్ దాటించడానికి అనుమతి ఎలా అన్నవే అందులో ముఖ్యం, ఉద్యోగి నిద్ర సంగతి కాదు. ఈఎస్ఐలో 2010 నుంచి ఆఫీసుకు వెళ్లే దారిలో జరిగే ప్రమాదాన్ని కూడా డ్యూటీలో జరిగినట్టే చూస్తారు, చాలా మంచి మార్పు అది, కానీ పడగ్గదిలోంచి ల్యాప్‌టాప్ దగ్గరికి వస్తూ జారిపడితే దాన్ని ఏమనాలి?

పోర్చుగల్‌లో 2022 జనవరి నుంచి, అత్యవసరమైతే తప్ప, విశ్రాంతి వేళల్లో ఉద్యోగిని కంపెనీ కదిలించకూడదు, ఇంటి నుంచి పని చేయడం వల్ల పెరిగిన కరెంటు, ఇంటర్నెట్ ఖర్చు కూడా కంపెనీయే ఇవ్వాలి. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి డ్యూటీ అయ్యాక వచ్చే ఫోన్ ఎత్తకపోయే హక్కు ఉంది. మన లోక్‌సభలో కూడా సుప్రియా సూలే గారు ఇలాంటి ప్రైవేటు బిల్లు పెట్టారు, చట్టం మాత్రం కాలేదు. ఇలాంటి చట్టం వస్తే కంపెనీలు వెళ్లిపోతాయని కొందరు భయపెడతారు. నేను అడిగేది జీతం పెంచమని కాదండీ, చేసిన గంటను గంటగా రాయమని.

మన ఊరికి కొత్త కంపెనీలు వస్తున్న ఈ సమయంలోనే ప్రభుత్వం ఆ 1988 చట్టంలో ఇంటిని కూడా పని చోటుగా చేర్చాలి. లాగౌట్ తర్వాత చేయించిన పనికి ఓటీ (అదనపు గంటల డబ్బు) ఇవ్వాలి, ఇన్వర్టర్, నెట్ ఖర్చులో కంపెనీ వాటా ఎంతో రాతపూర్వకంగా ఉండాలి. అన్నిటికన్నా ముందు, కంపెనీ బెంగళూరులో, నేను పెందుర్తిలో ఉన్నప్పుడు ఫిర్యాదు ఏ ఊరి కార్మిక శాఖ ఆఫీసులో ఇవ్వాలో చట్టంలోనే స్పష్టంగా రాయాలి. నా టైమ్‌షీట్ కాపీ దాచుకున్నాను, ఆ ఆఫీసు ఏదో చెబితే రేపే తీసుకెళ్తాను.

ఇట్లు
ఒక పాఠకురాలు, పెందుర్తి, విశాఖపట్నం