పంచాయతీ ఎన్నికలు జరిపించండి: పంచాయతీరాజ్ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మా పంచాయతీ గడువు ముగిసినా ఎన్నికలు పెట్టలేదు. వినతిపత్రాలకు జవాబు రాకపోవడంతో అందరి ముందూ రాస్తున్నాను.

ఐదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243ఇ అధికరణం చెబుతోంది. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ ఇచ్చిన హక్కు అది. మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా సీట్లు ఇచ్చిందీ ఆ సవరణే.

సర్పంచి స్థానంలో ఇప్పుడున్న ప్రత్యేకాధికారికి మాతో పాటు ఇంకా చాలా ఊళ్లున్నాయి. నీళ్ల మోటారు కాలిపోతే రిపేరుకు సంతకం పెట్టే మనిషి దొరకలేదు. ముసలివాళ్లు కూడా పొలం బోరు నుంచి బిందెలు మోశారు. సర్పంచి ఉంటే పొద్దున్నే ఇంటికెళ్లి నిలదీసేవాళ్లం.

రాజ్యాంగ సవరణకు ఉభయ సభల్లోనూ ఓటేసినవారిలో మూడింట రెండొంతుల మద్దతు కావాలి. అలా వచ్చిన హక్కును ఒక ఫైలు ఆపేయడం అన్యాయం.

దయచేసి రిజర్వేషన్లు ఖరారు చేసి, జాబితాను ఈ నెలలోనే ఎన్నికల సంఘానికి పంపించండి. పంపినట్టు మాకు రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
ఒక గ్రామ ఓటరు